నాటు ఉల్లికి సీమ ఎరువు

వ్యవసాయ శాఖలో కొత్తగా చేరిన పిల్లలు అప్పుడప్పుడూ మా ఇంటికి వస్తుంటారు. కాఫీ తాగి, మీ అనుభవంలో ముఖ్యమైన విషయం ఒకటి చెప్పండి అంటారు. వాళ్లకు కావలసింది ఎరువు ఎకరానికి ఎంత వెయ్యాలి, ఎప్పుడు వెయ్యాలి, ఎన్నిసార్లు వెయ్యాలి అన్నది. దానికి నేనెందుకు, ఆఫీసు గోడకు అంటించిన కాగితం చాలు. నేను చెప్పదలచుకున్నది ఆ కాగితంలో ఇమడదు, ఒక కాఫీ తాగినంతసేపట్లో తెమలదు. అందుకని ఇక్కడ రాస్తున్నాను. ప్రమోషన్ల సంగతి రాయను. వచ్చినవి చెప్పుకోదగ్గవి కావు, రానివి చెప్పుకుంటే ఇంట్లోవాళ్లు నవ్వుతారు.

నలభైల్లో, యుద్ధం నడుస్తున్న రోజుల్లో, నేను పల్నాడులో వ్యవసాయ డిమాన్‌స్ట్రేటరును. అంత పొడుగు పేరు అక్కడ ఎవరికీ నోరు తిరిగేది కాదు. మొదట్లో "సర్కారు పంతులు" అనేవారు, ఈ కథ జరిగాక "ఎరువు పంతులు" అన్నారు. ఉద్యోగంలో చేర్చుకునేటప్పుడు, రైతుకు తెలియనిది చెప్పడం నీ పని అన్నారు. రెండు నెలలు తిరిగాక నా అసలు పని రైతు చెప్పేది వింటూ ఎండలో నిలబడటం అని అర్థమయింది. ఆ ఎండ సామాన్యమైన ఎండ కాదు. రెంటచింతల వైపు వెళ్లే రోజున సైకిలు సీటు మీద తడిగుడ్డ పరచి కూర్చునేవాణ్ని, ఊరు దాటకముందే అది అప్పడంలా ఎండిపోయేది.

వరి లేని ఊరికి వరి ఎరువు

ఒకరోజు గురజాల స్టేషనుకు నా పేరున రెండు బస్తాలు దిగాయి. అమ్మోనియం సల్ఫేటు. తెల్లగా, పలుకు పలుకుగా, చూడటానికి అచ్చం ఉప్పు. దాంతోపాటు వచ్చిన ఉత్తరువులో, వరి పొలాల్లో ప్రదర్శన క్షేత్రాలు పెట్టి రైతులకు చూపించవలసింది అని ఉంది.

పల్నాడులో అప్పటికి కాలవ లేదు. ఉన్నది జొన్న, సజ్జ, మిరప, పత్తి. పెళ్లికీ పేరంటానికీ తప్ప అన్నం వండని ఇళ్లు బోలెడు. వరి పొలం చూపించమంటే నన్ను గుంటూరు రైలెక్కించి పంపేవాళ్లు. ఆ మాటే మర్యాదగా పైకి రాశాను. తగిన మాగాణి చూసుకోవలసింది అని జవాబు వచ్చింది. మాగాణి లేదని రాస్తే మాగాణి చూసుకొమ్మన్నారు కదా అని నేను కోపం తెచ్చుకోలేదు. ఆఫీసు ఉత్తరాలకు కోపం తెచ్చుకునేవాడు ఈ ఉద్యోగంలో పింఛను దాకా బతకడు.

అప్పట్లో నా పై అధికారి గోపాలన్ గారని, అరవదేశం నుంచి వచ్చిన పెద్దమనిషి. నెలకోసారి తనిఖీకి వచ్చేవారు. మనిషి మంచివారు, తిండిప్రియులు. పచ్చగా ఉన్నది ఏది కనబడినా ముఖం విప్పారేది. ఈ రెండు గుణాలూ ఈ కథకు ముఖ్యం. ఆ నెల ఆయన వచ్చినప్పుడు మా ఇంట్లో నాటు ఉల్లిపాయల పులుసు పెట్టాం. ఆ ఉల్లి పెద్ద రకం కాదు. పాయ ఉసిరికాయంత ఉంటుంది, ముదురు ఎరుపు. గింజ చల్లి నారు పోసే పని లేదు. ఒక పాయ పాతితే దాని చుట్టూ ఐదారు పాయల గుత్తి ఊరుతుంది. ఘాటు మాత్రం, ఈ ఇంట్లో ఒలిస్తే పక్కింట్లో ఏడవాలి. గోపాలన్ గారు ఒక పాయ నోట్లో వేసుకుని కళ్లు మూసుకున్నారు. తెరిచి, ఇది మా ఊరి సాంబారు ఉల్లికి తోబుట్టువు అన్నారు. ఇంకో గరిటె వేయించుకుని, ఇది ఎక్కడ పండుతుంది, నీళ్లు పెట్టి పండిస్తారా అని అడిగారు. బావుల కింద అని చెప్పాను. "అయితే ఆ బస్తాలు దీనికి వెయ్యండి" అన్నారు.

నా ఉద్యోగంలో శాస్త్రీయమైన నిర్ణయాలు చాలా చూశాను. వాటిలో ఎక్కువ భాగం భోజనం తరవాత జరిగినవే.

ఒక బావి, ఇద్దరు తోబుట్టువులు, నాలుగు ఎడ్లు

గురజాలకు కొంచెం దూరంలో ఒక ఊరు. చేలగట్లకు నాపరాళ్లు నిలబెట్టి ఉంటాయి. పది పన్నెండు కుటుంబాలు బావుల కింద ఉల్లి వేస్తాయి. అందులో పేరున్న తోట కోటయ్యది. మీసమున్న మనిషి, చెయ్యి పెద్దది, పదిమంది తన వైపు చూస్తుంటే తప్ప అన్నం సయించని రకం. దాని పక్కనే, అదే బావి కింద, చెల్లెలు రాఘవమ్మ తోట. వాళ్ల నాన్న పసుపుకుంకుమ కింద కూతురికి సగం తోట ఇచ్చి, అదే ఊళ్లో తిరపతయ్య అనే నెమ్మదస్తుడికిచ్చి పెళ్లి చేశాడు. బావి ఒక్కటే కాబట్టి పొద్దున కోటయ్య ఎడ్లు కట్టి మోట తోలి నీళ్లు తోడితే, మధ్యాహ్నం నుంచి రాఘవమ్మవాళ్లు తోలేవారు.

నేను వెళ్లేసరికి అన్నాచెల్లెళ్లకు మాటల్లేక ఆరేళ్లు. కారణం ఊళ్లో అందరికీ తెలుసు, అడగకపోయినా చెబుతారు. రాఘవమ్మ కూతురి అన్నప్రాశనకు మేనమామ పొద్దున్నే రావాలి. ఆ పూట నీళ్ల వంతు కోటయ్యది. మడి తడిపి వెళదామనుకున్నాడు, అది తడిసేసరికి పరమాన్నం చల్లారింది, పిల్ల నిద్రపోయింది. నీకు మేనకోడలి కన్నా ఉల్లిమడి ఎక్కువయిందని రాఘవమ్మ నలుగురిలో అంది. అక్కడ నోరు మూసుకుంటే సరిపోయేది. "ఉల్లిమడి ఎదురు మాట్లాడదు" అన్నాడు కోటయ్య. అంతే. అది మొదలు రాఘవమ్మ కూడా మాట్లాడలేదు.

కానీ ఒక బావి కింద ఇద్దరు రైతులు మాట్లాడుకోకుండా ఎలా కుదురుతుంది? మోకు తెగుతుంది, తోలు బొక్కెన చిరుగుతుంది. అందుకని ఎడ్లతో మాట్లాడుకునేవారు. కోటయ్య తన పుల్లడి వీపు నిమురుతూ, "ఒరే పుల్లా, మోకు పురి వదిలిందిరా, చూసి తోలుకోమను" అనేవాడు. పక్కన రాఘవమ్మ తన మల్లడి చెవిలో, "మల్లా, మేం గుడ్డోళ్లం కాదని చెప్పరా" అనేది. ఎడ్లు నెమరు వేసేవి. మొదటిసారి విన్నప్పుడు పాపం ఎండదెబ్బ తగిలిందేమో ఇద్దరికీ అనుకున్నాను.

అదే రోజు గట్టు మీద రాఘవమ్మ కూతురు కనబడింది. ఉల్లికాడలను చుట్టలు చుట్టి చెవులకు తగిలించుకుని ఆడుకుంటోంది. ఆరేళ్ల పిల్ల, చెవులు ఇంకా కుట్టలేదు. చెవులు కుట్టించాలంటే మేనమామ ఒళ్లో కూర్చోబెట్టుకోవాలి. ఎడ్లకు చెప్పి పంపే కబురు కాదు గనక అది అలాగే ఆగిపోయింది. తల్లి ఆ బోసి చెవుల వంక చూసి చూపు తిప్పుకోవడం నేను చూశాను. నాకు ఎందుకో ఆ ఊరి ఉల్లి మీద ఆ క్షణంలో ఆసక్తి తగ్గి, ఈ మనుషుల మీద పెరిగింది. మన పనిలో ఇది జబ్బు కాదు, లక్షణం.

సెంటుకు సోలెడు

బస్తాలు కోటయ్య ఇంట్లో దించాం. ఊరి పెద్ద ఒకాయన ఒక పలుకు నాకి చూసి, ఉప్పు కాదు అని ప్రకటించాడు. అప్పుడు గాని జనం దగ్గరికి రాలేదు. నేను చెప్పింది సులువైన మాట. సెంటుకు సోలెడు. పాయ పాతి మొలక లేచాక ఒకసారి, తడిలో. మళ్లీ వద్దు.

రాఘవమ్మ తీసుకోలేదు. వాళ్లు ఎప్పటిలాగా ఎరువు కోసం మడిలో గొర్రెల మంద కట్టించుకున్నారు. ఆమెకు ఏదో పాతకాలపు జ్ఞానం ఉండి వద్దందని మీరు అనుకుంటారేమో. తరవాత నేనే అడిగాను. "నాకేం తెలుసు పంతులుగారూ, మా అన్న పట్టుకున్నాడని నేను పట్టుకోలా" అంది. నా అనుభవంలో పల్లెలో కొత్తదానికి ఎదురయ్యే అభ్యంతరాల్లో సగం ఇటువంటివే. మిగతా సగానికి మాత్రమే మన చదువు పనికొస్తుంది.

కోటయ్య మాత్రం రెండు చేతులా పట్టుకున్నాడు. తన దగ్గరికొచ్చిన ఉల్లి రైతులందరికీ సొంత ఆస్తి పంచినట్టు తట్టలకెత్తి పంచాడు. సెంటుకు సోలెడన్న నా మాట కూడా పంచాడు గాని, తన చేతి వాటం ప్రకారం పంచాడు. సోలెడుకే ఇంత పచ్చగా ఉంటే మూడు సోలలకు ఎట్టా ఉండాలి అనే లెక్క ఒకటి ఆ ఊళ్లో పుట్టింది. పులుసులో ఉప్పు విషయంలో ఎవరూ వెయ్యని లెక్క అది. కోటయ్య రెండోసారి వేశాడు, ఆయనను చూసి మిగతావాళ్లూ వేశారు. ఇక మాఘమాసంలో గోపాలన్ గారు చూడటానికి వస్తున్నారని తెలిసి, పాయ ఊరే సమయంలో, ఆకు కాస్త వాలుతున్నదని మూడోసారి కూడా వేశాడు. ఉల్లి ఆకు వాలితేనే పాయ పక్వానికి వచ్చినట్టు. అధికారి వచ్చే రోజున ఆకు వాలి ఉండటం ఆయనకు మర్యాదగా తోచలేదు. నాతో చెప్పలేదు, చెబితే వద్దంటానని తెలుసు.

గోపాలన్ గారు వచ్చారు. మోకాలి ఎత్తున ముదురు పచ్చటి ఆకు చూసి ఆయన గట్టు మీదే ఆగిపోయారు. ఒక గుత్తి పీకించారు, పాయలు నిమ్మకాయలంత ఉన్నాయి. రాఘవమ్మ మడిలో ఆకు పసుపు తిరిగి నేలకు వాలి ఉంది. దాన్ని చూపించి, తేడా చూడండి అని అందరికీ చెప్పారు. కోటయ్య మీసం మీద చెయ్యి వేశాడు. రాఘవమ్మ మల్లడితో, "ఎవరి మడికి ఆకు ఎంతుందో కొలిచేదానికి కూడా జీతాలిస్తారంటరా" అంది. గోపాలన్ గారు ఆమె ఏమంటోందని నన్ను అడిగారు. ఎద్దుకు దాహంగా ఉందట అని చెప్పాను.

గురజాల బజారులో ఉల్లి కొనే ఖాసిం సాహెబు బండి పంపించి, విత్తనానికి ఉంచుకున్నది పోను కోటయ్య సరుకంతా తోలుకుపోయాడు. పెద్ద పాయ కదా, వారం తిరిగేసరికి గుంటూరు హోటళ్లలో అమ్ముడుపోయింది. ఆయనకు లాభం, కోటయ్యకు లాభం, గోపాలన్ గారికి మంచి రిపోర్టు. నేను కూడా రెండు రోజులు నిటారుగా నడిచాను. ఫలితం తూచాం, రాశాం, మూసేశాం.

పాయ కూడా పిల్లలాంటిదే, పుట్టిన రోజు బరువు చూసి జాతకం రాయకూడదు.

వాసాలకు కట్టిన పంట

ఈ ఉల్లికి గింజ లేదని ముందే చెప్పాను. వచ్చే ఏటికి విత్తనం ఈ ఏటి పాయే. మంచి గుత్తులు ఏరి, ఆకులతోనే జడలల్లి, వంటింట్లో పొయ్యి పైన వాసాలకు కడతారు. మాఘం నుంచి కార్తీకం దాకా, ఎండకాలం, వానాకాలం, పొగలో అవి అలా వేలాడాలి. వంటింట్లోకి వెళ్లేవాళ్లందరూ తలలు వంచుకునే నడుస్తారు. కొత్తకోడలికి మొదట నేర్పే వినయం అదే అని ఆ ఊళ్లో హాస్యం.

కోటయ్య ఇంట్లో ఆ ఏడు జడలు దూలం వంగేటంత బరువున్నాయి. ఆయన చూడవచ్చిన వాళ్లందరినీ వంటింట్లోకి తీసుకుపోయి తలెత్తించి చూపించేవాడు. ఎండాకాలం గడిచింది. ఆషాఢంలో తొలకరి పడింది. మొదటి బొట్టు జొన్న సంగటి కుండలో పడిందట. కోటయ్య భార్య మంగమ్మ కప్పు కారుతోందనుకుంది. కప్పు కాదు, ఉల్లి. మెడ దగ్గర మెత్తబడి, కుళ్లి, రసం కారుతోంది. ఒకటి తీసేస్తే పక్కది, పక్కది తీస్తే దాని పక్కది. వారం తిరిగేసరికి ఆ వీధిలోంచి పోయేవాళ్లు ముక్కు మూసుకుని నడిచారు. మంగమ్మ పొయ్యి తెచ్చి వాకిట్లో పెట్టుకుని, ఆ గదిలోకి మళ్లీ తనను రమ్మంటే పుట్టింటికి పోతానంది. కోటయ్య దగ్గర ఎరువు పుచ్చుకున్న ఇళ్లన్నింటిలోనూ అదే వాసన.

కారణం ఇప్పుడు మీరు ఏ పుస్తకంలోనైనా చదువుకోవచ్చు. ఆ ఎరువులో ఉన్నది నత్రజని. అది ఆకును పెంచుతుంది. మొదట్లో ఆ బలం మొక్కకు కావాలి. పాయ ఊరే వేళ మళ్లీ మళ్లీ వేస్తే మొక్క పని ముగించడం మానేసి కొత్త ఆకు వేస్తుంది. మెడ లావుగా, పచ్చిగా ఉండిపోతుంది, ఎండి మూసుకోదు. మూత సరిగా పడని జాడీలో ఆవకాయ నిలవ ఉంటుందా? ఇదీ అంతే. హోటలుకు పోయిన పాయకు ఈ బాధ లేదు, వారంలో దాని కథ ముగిసింది. వాసానికి ఎక్కిన పాయే తొమ్మిది నెలలు బతకాలి.

నేను గోపాలన్ గారికి రాశాను. ప్రదర్శన ముగిసింది, ఫలితాలు పైకి పంపాము అని జవాబు. ఆయన తరవాత వచ్చినప్పుడు నోటితో చెప్పాను, కోటయ్య వంటింట్లోకి తీసుకువెళ్లాను. గడప మీదే ఆగి రుమాలు ముక్కుకు పెట్టుకుని, చాలాసేపు ఆ ఖాళీ వాసాల వైపు చూశారు. "మన శాఖవాళ్లం ఎవరం వంటింటి దాకా రాము కదూ" అన్నారు. నా ముప్పై ఏళ్ల ఉద్యోగంలో పై అధికారి నోట విన్న అత్యంత తెలివైన మాట అదే. అందుకే ఆయనను నేను ఇప్పటికీ గౌరవంగా తలుచుకుంటాను.

కాబట్టి పిల్లలూ, పంట తూచగానే వెనక్కి రాకండి. ఉల్లి అయితే చూరు దాకా, జొన్న అయితే పాతర దాకా, మిరప అయితే రోటి దాకా వెళ్లండి. అమ్ముకునే మడికి ఎరువు వెయ్యండి, ముందుగా, కొద్దిగా. విత్తనం మడి వేరేగా ఉంచి దాని జోలికి పోకండి. ఇంత చెప్పడానికే ఇన్ని కాగితాలు ఖర్చు చేశానని అనుకోకండి, అసలు సంగతి ఇంకా ఉంది.

నోటితో అడిగి కొంగులో పోయించుకోవాలి

ఆ ఊళ్లో విత్తనం పాయ కొనరు, అమ్మరు. కొన్న విత్తనం ఊరదని నమ్మకం. లేనివాడు ఉన్నవాడి దగ్గరకు తనే వెళ్లాలి, వరస పెట్టి పిలిచి, నోటితో అడగాలి. మగవాడైతే కండువా, ఆడమనిషైతే కొంగు పట్టాలి. ఇచ్చేవాళ్లు తమ చేత్తో పొయ్యాలి. కోత అయ్యాక అంతకంత తిరిగి పోసి రావాలి. మధ్యవర్తి పనికిరాడు. ఈ ఆచారం శాస్త్రమా కాదా అని నన్ను అడగకండి, ఊళ్లో విత్తనం ఎవరి దగ్గర ఉందో అందరికీ తెలిసి ఉండటానికి ఇంతకన్నా మంచి ఏర్పాటు మన శాఖ ఇప్పటికీ కనిపెట్టలేదు.

ఇప్పుడు మంచి విత్తనం ఉన్న ఇల్లు ఆ ఊరికంతా ఒక్కటే. రాఘవమ్మ వాసాలకు గుత్తులు గలగలలాడుతున్నాయి. అవి కూడా పోతే ఆ ఉల్లి ఆ ఊళ్లో ఇక లేనట్టే. బజారులో దొరికేవి వేరే రకాలు, ఆ నేలకు పనికిరావు. ఆశ్వయుజం దాటగానే ఒక్కొక్కరే వెళ్లారు. అక్కా అని ఒకరు, వదినా అని ఒకరు, అమ్మాయీ అని ఒకరు. ఆమె ఎవరినీ ఎత్తిపొడవలేదు, అందరికీ పోసింది. ఒక బుట్ట మాత్రం పక్కన పెట్టింది. అన్నిటికన్నా గట్టివి, ఎర్రవి ఏరి, పైన గోనెపట్టా కప్పి, బావి దగ్గర పాకలో ఉంచింది. అది ఎవరిదో ఊరికంతా తెలుసు, కోటయ్యకు కూడా తెలుసు. ఆయన అడగాలి. ఆయన అడగడు.

మొదట మంగమ్మను పంపాడు. కూరకైతే ఎన్ని కావాలన్నా తీసుకుపో వదినా, ఇత్తనానికి మడి గలాయన రావాలి అని రాఘవమ్మ నవ్వుతూ పంపేసింది. తరవాత పుల్లడి ద్వారా ప్రయత్నించాడు. "పుల్లా, మనకి ఇత్తనం లేదురా" అన్నాడు బావి దగ్గర, ఎవరికో వినిపించేటంత గట్టిగా. ఆమె మల్లడి మెడ గోకుతూ, "అడిగితే నోరు అరిగిపోద్దంట్రా వాళ్లకి" అంది. చివరికి నా దగ్గరకొచ్చాడు. సర్కారు మనిషి అడిగితే ఇవ్వదా అని ఆయన ఆశ. వెళ్లాను. మీరడిగితే తప్పకుండా ఇస్తానంది రాఘవమ్మ. కండువా పట్టబోతుంటే, "మీకు మడి యాడుంది?" అని అడిగింది. కండువా మళ్లీ భుజాన వేసుకున్నాను.

కార్తీకం సగం దాటింది. అందరి మడుల్లో పాయ పడింది, కోటయ్య మడి మాత్రం దున్ని, చదును చేసి, ఖాళీగా ఉంది. ఇంకో పది రోజులు దాటితే ఆ ఏటికి ఉల్లి లేనట్టే. ఆ మడికి ఆయన రోజూ నీళ్లు పెడుతున్నాడని విన్నప్పుడు నవ్వు వచ్చింది, తరవాత రాలేదు. ఏమీ లేని మడికి నీళ్లు పెట్టడమంటే చెల్లెలి ఎదురుగా పొద్దున్నుంచీ మధ్యాహ్నం దాకా ఉండటానికి ఒక వంక.

ఆ రోజు వంతు మారే వేళకు నేను గట్టు మీదే ఉన్నాను. కోటయ్య ఎడ్లను విప్పాడు గాని ఇంటికి తోలలేదు. తలపాగా విప్పి దులిపాడు. రెండు చేతులా పరిచి పట్టుకుని, మోట దగ్గర నిలబడిన చెల్లెలి ముందుకు వచ్చాడు. తిరపతయ్య మోకు కడుతున్నవాడు కట్టడం ఆపేశాడు.

"చెల్లే" అన్నాడు కోటయ్య. "ఉల్లిమడి ఎదురు మాట్లాడిందే. ఇంక నువ్వు కూడా మాట్లాడు. ఇత్తనం పెట్టు."

రాఘవమ్మ పాకలోకి వెళ్లింది. గోనెపట్టా తీసి, బుట్ట ఎత్తుకొచ్చి, అన్న పట్టిన గుడ్డలో పోసింది. నిండినా ఆపలేదు, పాయలు పక్కలకు జారి నేలమీద పడ్డాయి. వాటిని ఏరి పైన పెట్టి, నాలుగు కొసలూ తనే ముడి వేసింది. కళ్ల నిండా నీళ్లున్నాయి. ఏడేళ్ల అలవాటు ఎక్కడికి పోతుంది, మల్లడి వైపు తిరిగింది.

"మల్లా, పిల్లకి ఏడేళ్లొచ్చినాయి, ఇంకా చెవులు కుట్టలేదని చెప్పరా ఆయనకి."

"ఎద్దుకెందుకే చెప్తావు" అన్నాడు కోటయ్య. "నాకు చెప్పు."

ఆమె ఇటు తిరిగింది. అన్నా అని పిలవబోయి ఆగి, కొంగుతో ముఖం తుడుచుకుని, ఈసారి ఆయన ముఖం చూసి చెప్పింది. "రేప్పొద్దున కంసాలిని పిలిపిస్తా. నీ మడికి నీళ్లు మీ బావ పెడతాడు. నువ్వు పెందలాడే రా."

మర్నాటి సంగతి తిరపతయ్య చెప్పాడు. తెల్లవారుతుండగా మోటకు బయలుదేరుదామని ఆయన తలుపు తీసేసరికి, ఉతికిన పంచె కట్టుకుని కోటయ్య అరుగు మీద కూర్చుని ఉన్నాడట. ఎప్పుడొచ్చావు బావా, లేపకపోయావా అంటే, పిల్ల నిద్రపోతోంది కదా, లేచిందాకా ఉంటాలే అన్నాడట.